పుట్టింటికి వచ్చు పక్షులు



ఆడుబిడ్డ పురిటికి పుట్టింటికి వచ్చిన నాటినుండి ఆ యింటి నడవడియే మారిపోవుట మనమందర మెరిగినదే. తలుపులు మెల్లగా మూయుదురు. పిల్లలు వాకిట గోల చేసిన కసురుకొందురు. చూడవచ్చిన యిరుగుపొరుగు అమ్మలక్కలు గడపయొద్దనే నిలిచి, తల్లిని బిడ్డను కనులార చూచి, దీవించి, త్వరగా సెలవు తీసికొందురు. ఈ మర్యాదను మనకెవరును పుస్తకము పెట్టి నేర్పలేదు. ఈ నెల నేను మనవి చేయబోవు విహారమునకు ఈ మర్యాద తెలిసియుండుటయే ముఖ్యము. తక్కినదంతయు సులభముగా నేర్చుకొనవచ్చును.

తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేటకు ఉత్తరముగా, దొరవారిసత్రము మండలమున, నేలపట్టు అను చిన్న గ్రామము కలదు. 2022 వఱకు ఇది నెల్లూరు జిల్లాలో చేరియుండెను. ఆ యూరి చెరువును, దానిచుట్టునున్న చిట్టడవిని కలిపి, సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్ల నేలను 1976 లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. చెరువు నీటినడుమ కడప చెట్లు గుంపులు గుంపులుగా పెరిగియున్నవి. నెలల తరబడి మొదళ్ళు నీట మునిగియున్నను చావని చెట్టు అది. ఈశాన్యపు వానలకు చెరువు నిండగానే, సుమారు అక్టోబరు మాసమునుండి, గూడబాతులు వచ్చి ఆ చెట్లపై గూళ్ళు కట్ట నారంభించును. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణములు, నీటికాకులు మున్నగునవియు వానితో పొత్తు కలిసి అచ్చటనే కాపురము పెట్టును. వేసవి ముదిరి నీరు తగ్గునాటికి పిల్లలకు రెక్కలు వచ్చి, అన్నియు ఎగిరిపోవును.

ఈ పక్షులు సైబీరియా దేశమునుండి వేలమైళ్ళు ప్రయాణము చేసి వచ్చినవని పలువురు చెప్పుదురు. గూడబాతుల విషయమున ఈ మాట నిజము కాదు. మన చెరువులలో గూళ్ళు కట్టు బూడిదవన్నె గూడబాతు దక్షిణాసియా ప్రాంతపు పక్షియే. అది మన దేశమునందే చెరువునుండి చెరువునకు, నీరును చేపలును ఉన్న తావునకు తిరుగుచుండును. హిమాలయముల కావలినుండి చలికాలమున వచ్చు నీటిబాతులు వేఱు. అవి మన నీళ్ళలో మేత మేసి, పిల్లలను కనుటకు మరల ఉత్తరమునకే పోవును. దూరదేశపు బాతులు మనకు చుట్టపుచూపుగా వచ్చిన అతిథులు; గూడబాతులు మన యింటి యాడుబిడ్డలే. కర్ణాటకమున మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్ళూరు గ్రామమున ఈ జాతి పక్షులే ఊరినడుమ చెట్లపై గూళ్ళు కట్టును. అచ్చటివారు వీనిని పురిటికి వచ్చిన కూతుళ్ళుగా భావించుట లోకప్రసిద్ధము.

ఇట్టి సంగతులు చెరువుగట్టున ఒంటరిగా నిలిచి చూచిన తెలియవు. అందుచేతనే తెలిసినవారి వెంట నడచుట మేలందును. నేలపట్టున అటవీశాఖవారి పర్యావరణ విద్యాకేంద్రమును, దూరమునుండి గూళ్ళను చూచుటకు ఎత్తైన గోపురమును ఉన్నవి. పక్షుల పండుగ దినములలో సూళ్లూరుపేటకు వచ్చు జనసమూహము చాల గొప్పది. అయినను, పదిమంది స్త్రీలును పిల్లలును కూడి, మార్గమెరిగిన యొకరిని ముందిడుకొని, ప్రాతఃకాలమున మెల్లగా నడచిన నడకలోని లాభము ఆ సమ్మర్దమున లభింపదు.

మార్గదర్శి యేమి చూపును? మొదట గూడబాతు ముక్కుక్రింది సంచిని చూపును. ఆ సంచిలో చేపలు దాచుకొని పోవునని మనము పిల్లలకు చెప్పుచుందుము. అది నిజమునకు వల వంటిది. పక్షి నీటిలో సంచిని సాచి, నీటితోకూడ చేపను పట్టి, ముక్కు క్రిందికి వంచి నీరంతయు కార్చివైచి, పిమ్మట చేపను మ్రింగును. గూటికి వచ్చిన తరువాత, మ్రింగినదానిని పిల్లలకొఱకు మరల పైకి తెచ్చును. కొంచెమెదిగిన పిల్ల తన తలను తల్లి సంచిలోనికి దూర్చి తినుట చూచినవారు, తల్లి బిడ్డను మ్రింగుచున్నదేమో యని తొలుత భయపడుదురు. ప్రక్కనున్నవారు విషయము చెప్పినపిదప ఆ భయమే ముచ్చటగా మారును.

ఈ పక్షి సాధారణముగా మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. అవి సుమారు ముప్పది దినములకు పొదుగబడును. పిల్ల పుట్టినపుడు దానికి ఒంటిమీద ఈక లేదు, కన్ను తెరవదు. అది తనంత తాను బ్రదుకనేర్చువఱకు మూడు మొదలు అయిదు నెలలు గూటినో గూటిచెంతనో యుండును. అన్ని దినములును దానికి చేపలు రావలయును. ఆ చేపలు చాలవఱకు సమీపముననున్న పులికాటు సరస్సునుండి వచ్చును. చిలికా తరువాత మన దేశమున రెండవ పెద్ద ఉప్పుటేటి సరస్సు అది. లోతు తక్కువ, చేపలు పుష్కలము. అచ్చట మేత, ఇచ్చట గూడు. చెరువు నీరు చెట్లచుట్టును అగడ్తవలె నిలిచి, నక్కలను పిల్లులను దరికి రానీయదు. చెట్టు, నీరు, చేప అను మూటిలో ఏ యొక్కటి లోపించినను ఈ పురుడు సాగదు. వానలు చాలని యేట గూళ్ళు తగ్గిపోవుటకు కారణ మిదియే.

నత్తగుల్ల కొంగ ముక్కును చూడుడు. రెండు దవడలును నడుమ కలియక, కొంచెము సందు కానవచ్చును. అది లోపమని తలపరాదు. నత్తను గుల్లనుండి లాగి తినుటకు ఆ ముక్కు తగియున్నది. ఎండ ముదిరినపుడు కొంగలు గూటిపై నిలిచి, రెక్కలు రెండును గొడుగువలె విప్పి, పిల్లలకు నీడ పట్టును. గంటల తరబడి తాము ఎండకు మాడుచు అట్లు నిలిచియుండుట చూచినపుడు, మన స్త్రీలలో కన్ను చెమర్చనివా రుండరు. ఈ పనిలో ఆడుది, మగది అను భేదము లేదు. గ్రుడ్లు పొదుగుటయు, పిల్లలకు మేత తెచ్చుటయు తల్లిదండ్రులు వంతులు వేసికొని చేయుదురు. ఈ సంగతిని మీ యింటి పురుషులును వినునట్లు చదువుడని నా మనవి!

చెరువుగట్టున కొంత దుర్గంధము ముక్కునకు సోకును. ముక్కు మూసికొనకుడు, మార్గదర్శిని దాని కారణ మడుగుడు. వేలకొలది పక్షుల రెట్ట నీటిలో కలియుటచే ఆ నీటికి ఎరువు గుణము వచ్చినది. ఆ నీరు పారిన పొలములు ఆ మేలు పొందును. పక్షులను కాపాడుట దయచేతనే కాదు, ఇచ్చిపుచ్చుకొను బంధుత్వముచేతను అని అచ్చటి రైతుకుటుంబము లెరుగును.

ఇక అసలు మాటకు వచ్చెదను. పక్షులను ప్రేమించి చూడవచ్చినవారివలననే వానికి కీడు కలుగుట కలదు. గూళ్ళకు దగ్గరగా పోయి, చప్పట్లు చరచి, పక్షులు గుంపుగా ఎగిరినపుడు ఛాయాచిత్రము తీయవలెనని కొందరు ఉబలాటపడుదురు. పెద్దపక్షి గూడు విడిచిన క్షణముననే గ్రుడ్లు ఎండపాలగును. కాకులు, గద్దలు పొంచియుండును. బెదరిన పిల్ల జారి నీటబడును. చూచినవారికి అది రెండు నిమిషముల వినోదము. గూటికి అది ఒక సంవత్సరపు సంతానము. మార్గదర్శి ముఖ్యముగా చేయు పని మనలను తగిన దూరమున నిలుపుటయే. ఆయన ‘ఇక చాలు, వెనుకకు మరలుద’మనినపుడు చిన్నబుచ్చుకొనరాదు.

ఈ పక్షులు ఒకతావు విడిచిపోవుట కథ కాదు. 1946 లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల గొప్ప నివాసమును కనుగొనెను. అప్పుడు అచ్చట సుమారు 3,000 పక్షులు గూళ్ళు కట్టియుండెనని వ్రాసిరి. 1975 ప్రాంతమునకు ఆ నివాసము రూపుమాసిపోయినది. ముప్పది యేండ్లలో, అనగా ఒక తల్లి పిల్లదై పెరిగి తన పిల్లలను కనులోపల, అంత సంతతి ఆ తావునుండి మాయమయ్యెను. పిదప చాలకాలమునకు కొల్లేటి యొడ్డున ఆటపాక వద్ద మరల గూడబాతులు చేరినవి. అచ్చట వానికి చెట్లు చాలక, మనుష్యులు ఇనుపకమ్మీలతో మంచెలు నిలిపి గూళ్ళకు ఆధారము కల్పించిరి. పుట్టిల్లు పాడుపడినపిదప మరల నిలుపుట ఎంత కష్టమో దీనినిబట్టి యెరుగవచ్చును.

విహారమునకు పోదలచిన సోదరీమణులకు కొన్ని సూచనలు. నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు అనుకూలమైన కాలము. ఉదయమున ఎండ యెక్కకముందు గాని, సాయంకాలము పక్షులు మేతనుండి మరలు వేళ గాని పోవలయును. ఆకుపచ్చ, మట్టిరంగు, బూడిదవన్నె బట్టలు కట్టుడు. జిగేలుమను జరీచీరలు పెండ్లికి దాచుకొనుడు. సెల్లుఫోను మ్రోగకుండ కట్టివేయుడు. త్రాగునీరు ఇంటినుండి చెంబుతోనో, లోహపు సీసాతోనో తీసికొనిపోవుడు. పులిహోర, దధ్యోదనము కట్టుకొనిపోయినచో తిన్న ఆకు, కాగితము మరల మీ సంచిలోనే వేసికొనుడు. మెతుకులు విసరి పక్షులను పిలువకుడు. ఆ యాశకు కాకులు చేరి, గ్రుడ్లకు ముప్పు తెచ్చును. దుర్భిణి ఒక్కటి యున్నను ఇంటిల్లిపాదికి వంతులవారీగా సరిపోవును. పిల్లల చేతికి ఒక చిన్న పుస్తకమును పెన్సిలును ఇచ్చి, చూచిన పక్షి ముక్కు, కాళ్ళు, రంగు వ్రాయుమనుడు. పేరు తెలియకున్నను ఫరవాలేదు. పేరు మార్గదర్శి చెప్పును.

నడక ముగిసినపిదప ఉపన్యాసము జరుగుచో తప్పక కూర్చుండి వినుడు. సంకోచింపక ప్రశ్నలు వేయుడు. పక్షిశాస్త్రము పురుషుల విద్య యని వెనుదీయనక్కరలేదు. 1923 లో బీహారమున పుట్టిన జమాల్ ఆరా పదవ తరగతికి మించి చదువుకొనలేదు. అయినను ఛోటానాగపురపు అడవులలో సంవత్సరముల తరబడి పక్షులను పరిశీలించి, శాస్త్రపత్రికలకు వ్యాసములు వ్రాసెను. పిల్లలకొఱకు ఆమె వ్రాసిన పక్షుల పుస్తకమును నేషనల్ బుక్ ట్రస్టువారు 1970 లో ప్రకటించిరి. చూచుటకు ఓపికయు, చూచినది వ్రాసికొను అలవాటును ఆమెకు తోడైనవి. ఈ రెండును మన యిండ్లలో కొఱవడినవి కావు.

నేలపట్టు దూరమైనవారు నిరాశ చెందవలదు. గుంటూరు చెంత ఉప్పలపాడు, శ్రీకాకుళము జిల్లాలో తేలినీలాపురము, శ్రీ సత్యసాయి జిల్లాలో వీరాపురము, కాకినాడ యొద్ద కోరింగ మడయడవులు, తెలంగాణమున సంగారెడ్డి చెంత మంజీర అభయారణ్యము మున్నగునవి కలవు. మీ జిల్లా అటవీ కార్యాలయమున విచారించినచో దారి చూపువా రెవరో తెలియును.

చివరకొక మాట. కొన్ని పల్లెలయందు కొంగలను, నీటిబాతులను వలలు వేసి పట్టి, మాంసమునకై గుట్టుగా అమ్మువారు నేటికిని లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అడవిపక్షులను వేటాడుటయు, వాని గ్రుడ్లను గూళ్ళను పాడుచేయుటయు, వాని మాంసము కొనుటయు శిక్షింపదగిన నేరములు. చట్టము సంతలను కాపలా కాయగలదు గాని, వంటయింటి గడప దాటలేదు. అచ్చట అధికారము మనది. గూటిలో నోరు తెరచి తల్లికై యెదురుచూచు పిల్లను ఒక్కసారి చూచివచ్చిన బిడ్డ, అట్టి మాంసము ఇంటికి వచ్చిన యెడల తానే అడ్డుపడును. మీ పిల్లలను ఈ చలికాలమున ఒక్క ఉదయమైనను, దారి తెలిసినవారి వెంట, మెల్లగా నడిపించి తీసికొనిపోవుడు.