భోగాపురం, డేగ మధ్య ఏర్పాటేమిటి?



భోగాపురం విమానాశ్రయం గురించి పత్రికల్లో టెర్మినల్ అందం, రన్‌వే పొడవు, చుట్టుపక్కల భూముల ధరలు అన్నీ వస్తున్నాయి. ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగడం లేదు. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది. ఐఎన్‌ఎస్ డేగ అనే ఆ నౌకాదళ స్థావరంలో విమానాలకు దారి చూపేది నేవీ కంట్రోలర్లే. అక్కడికి దాదాపు 45 కిలోమీటర్లలో భోగాపురం. దిగే వేగంలో ఉన్న విమానానికి కూడా అది దాదాపు పది నిమిషాల దూరమే. ఒక కేంద్రం చేతిలోని విమానం ఇంకో కేంద్రం చేతిలోకి ఎక్కడ, ఏ ఎత్తులో, ఎవరి మాట మీద వెళ్తుంది? ఆ ఏర్పాటేమిటో జనానికి చెప్పాలి.

నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. ఈ అప్పగింత పైకి చిన్న పనే. విమానం సరిహద్దు చేరకముందే దాని పేరు, ఎత్తు, సరిహద్దు దాటే సమయం అవతలి కేంద్రానికి చెప్పాలి. అవతలి మనిషి వాటిని తిరిగి చదివి ఒప్పుకోవాలి. ఆ తర్వాతే పైలట్‌కు కొత్త ఫ్రీక్వెన్సీ ఇవ్వాలి, అతనూ ఆ అంకెల్ని తిరిగి చదవాలి. ఇప్పుడు చాలాచోట్ల ఈ సమాచారం కంప్యూటర్ల మధ్య దానంతటదే వెళ్తుంది. అది మంచిదే, కానీ స్క్రీన్ మీది అంకెనే అసలు ఎత్తుగా నమ్మేసే ప్రమాదం ఉంది.

బ్రెజిల్‌లో 2006 సెప్టెంబర్ 29న జరిగింది అదే. చిన్న లెగసీ జెట్ ఒకటి 37 వేల అడుగుల ఎత్తులో మనాస్ వైపు వెళ్తోంది. బ్రసీలియా దాటాక 36 వేలకు దిగాలన్నది ప్లాన్. దిగమని పైలట్లకు ఎవరూ చెప్పలేదు. స్క్రీన్ మాత్రం ప్లాన్ ప్రకారం 36 వేలు చూపించింది. కాసేపటికి ఎత్తును రాడార్‌కు తెలిపే ట్రాన్స్‌పాండర్ కూడా ఆగిపోయి అసలు ఎత్తు తెలిసే దారి పోయింది. డ్యూటీ మారినప్పుడు కొత్త కంట్రోలర్‌కూ, తర్వాత మనాస్ కేంద్రానికీ అందింది ఆ తప్పు అంకే. ఎదురుగా అదే 37 వేలలో వస్తున్న గోల్ సంస్థ బోయింగ్ ఆ జెట్‌ను ఢీకొని అడవిలో కూలి 154 మంది చనిపోయారు.

ఊబర్‌లింగెన్ ప్రమాదం నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. 2002 జులై 1 రాత్రి. ఊరు జర్మనీది, పైన ఆకాశం బాధ్యత స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రానిది. అక్కడ ఒక్క కంట్రోలరే పనిలో ఉన్నాడు. రెండో వ్యక్తి విశ్రాంతికి వెళ్లాడు, పైఅధికారులకు తెలిసే సాగుతున్న అలవాటది. మరమ్మతుల కోసం ప్రధాన ఫోన్ వ్యవస్థ ఆపేశారు. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దిగాల్సిన ఒక ఎయిర్‌బస్‌ను అక్కడి వాళ్లకు అప్పగించాలని అతను ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ప్రత్యామ్నాయ లైనూ పనిచేయలేదు. ఆ తంటాలో ఉండగా 36 వేల అడుగుల ఎత్తులో వేరే రెండు విమానాలు ఒకే చోటికి వస్తున్నాయి. జర్మనీలోని కార్ల్స్‌రూహె కంట్రోలర్లకు దాదాపు రెండు నిమిషాల ముందే హెచ్చరిక వచ్చింది. జ్యూరిక్‌కు మళ్లీ మళ్లీ ఫోన్ చేశారు, కలవలేదు. ఆ విమానాలు వాళ్ల ఫ్రీక్వెన్సీలో లేవు, వాళ్ల అధీనంలోనివీ కావు. చూస్తుండగానే అవి ఢీకొని 71 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది రష్యాలోని ఉఫా నుంచి స్పెయిన్‌కు సెలవులకు బయల్దేరిన పిల్లలు.

ఆ ప్రమాదంలో భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న ఒకాయన 2004లో ఆ జ్యూరిక్ కంట్రోలర్‌ను ఇంటిముందే పొడిచి చంపాడు. చెడిపోయిన లైన్లకు, ఒంటరి డ్యూటీకి ఆ కంట్రోలర్ ప్రాణంతో బదులిచ్చాడు. ఆ జ్యూరిక్ కేంద్రాన్ని నడిపే సంస్థలోని నలుగురిని కోర్టు దోషులుగా తేల్చింది 2007లో.

ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ ఉంది కదా అని కొందరు అంటారు. 1996లో చర్ఖీ దాద్రీ పైన రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయాక మన దేశంలోనూ దాన్ని తప్పనిసరి చేశారు. మంచిపనే. కానీ ఊబర్‌లింగెన్‌లో రెండు విమానాల్లోనూ టీకాస్ ఉంది. రష్యా పైలట్లకు అది పైకి లేవమంది, కంట్రోలర్ కిందికి దిగమన్నాడు, వాళ్లు దిగారు. రెండోది టీకాస్ మాట విని అదీ దిగింది. బ్రెజిల్‌లో ట్రాన్స్‌పాండర్ ఆగింది కనుక అసలు హెచ్చరికే రాలేదు.

2025 నవంబర్‌లో ఢిల్లీలో ఫ్లైట్ ప్లాన్లు చేరవేసే వ్యవస్థ మొరాయించినప్పుడు పనంతా చేత్తో చేయాల్సి వచ్చి 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. ప్రయాణికులు తిట్టుకున్నారు. నా దృష్టిలో ఆ ఆలస్యమే సరైన నిర్ణయం. యంత్రం చెడినప్పుడు రద్దీ తగ్గించాల్సిందే.

భోగాపురంలోనూ ఈ నియమం కాగితం మీద రాసుండాలి. డేగకూ భోగాపురానికీ మధ్య ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లైన్లు కావాలి, ప్రతి డ్యూటీ మొదట్లో రెండింటిలోనూ మాట్లాడి చూడాలి. ఒకటి మరమ్మతులో ఉంటే విమానాల సంఖ్య తగ్గించాలి. రాత్రిపూట ఎవరూ ఒంటరిగా కూర్చోకూడదు. పక్క కేంద్రం విమానానికి ప్రమాదం కనిపిస్తే, ఫోన్ కలవకపోతే, అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5లో నేరుగా పైలట్‌తో మాట్లాడే అనుమతి ముందే ఉండాలి. నేవీ రహస్యాలేవీ మాకు అక్కర్లేదు. రెండు కేంద్రాల మధ్య ఒప్పందం కుదిరిందా, అందులో ఇవి ఉన్నాయా అన్నదానికి విమానాశ్రయాల సంస్థ, నౌకాదళం కలిసి జవాబు చెప్పాలి.

— ఒక రిటైర్డ్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్, విశాఖపట్నం