రాజీనామా చేసినవాని బాకీ

యజమాని తానుగా పనినుండి తొలగించినవానికి రావలసిన జీతమును రెండవ పనిదినము ముగియుటకు ముందే చెల్లింపవలెనని 1936వ సంవత్సరపు జీతముల చెల్లింపు చట్టము శాసించినది. మర్యాదగా రాజీనామా నిచ్చి సెలవు పుచ్చుకొన్నవానికి మాత్రము అట్టి గడువును ఆ చట్టమున వ్రాయరైరి. వెడలగొట్టబడినవానికి రెండు దినములు, తానై వెడలినవానికి మామూలు జీతపు రోజు! ఈ వింత భేదము దాదాపు తొంబది యేండ్లు సాగినది.

2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనముల స్మృతి దీనిని సవరించినది. రాజీనామా చేసినవానికిని రెండు పనిదినములలో వేతనము ముట్టవలెనని అందలి 17వ సెక్షను చెప్పుచున్నది. అయినను ఈ స్మృతి అమలునకు వచ్చుటకు 2025 నవంబరు 21వ తేదీ వరకు ఆగవలసి వచ్చినది. ఆరేండ్ల యీ జాప్యమునకు సమాధానము చెప్పువారెవ్వరో మాకు తెలియదు.

వాడుక యెట్లున్నది? మాదాపూరు మేడలలోని కంపెనీలు తుది లెక్కకు 45 దినములు పట్టునని నియామకపు పత్రములందే వ్రాసికొనుట పరిపాటియైనది. కొన్ని ప్రైవేటు కళాశాలలు అధ్యాపకుల అసలు సర్టిఫికెట్లను బీరువాలో పెట్టుకొని, బాకీ మాట యెత్తినవానిని రేపు రమ్ము, మాపు రమ్మని త్రిప్పుచున్నవి. సర్టిఫికెట్టు లేక క్రొత్త కొలువు లేదు. కొలువు లేనివాడు జీతపు బాకీకై వ్యాజ్యమాడలేడు. ఇది తెలిసియే చేయుచున్న పని.

మా పాఠకులలో భూస్వాములును, వ్యాపారులును అనేకులు కలరు. ఏడాదికి కుదిరిన పాలేరు గడువు తీరి వేరొక కామతమునకు పోవునపుడు లెక్క చూచి ధాన్యము కొలిచి పంపుట పెద్దరికమని వారెరుగుదురు. పాత యప్పు చూపి పాలేరును కట్టివేసినవారును లేకపోలేదు. గుమాస్తాకు తుది జీతము బిగబట్టిన దుకాణదారుడు ఏ వరుసలోనివాడో ఊరివారే చెప్పగలరు.

యజమానుల పక్షమున కొంత న్యాయము లేకపోలేదు. నోటీసు కాలము పూర్తిగా పనిచేయక వెడలినవాని నుండి ఒప్పందము ననుసరించి సొమ్ము కోరవచ్చును. అప్పగించిన యంత్రమును తిరిగి యడుగవచ్చును. కాని నష్టము పేర జీతములో కోత పెట్టుటకు ముందు ఉద్యోగి చెప్పుకొనునది వినవలెనని స్మృతియే నిర్బంధించుచున్నది. కంప్యూటరు మీది గీత యొకటి చూపి నెల జీతమంతయు మ్రింగుటకు చట్టము తావీయదు.

గ్రాట్యుటీ సంగతి వేరు. దానికి రెండు దినముల నియమము వర్తింపదు. 30 దినముల గడువు కలదు, దాటినచో వడ్డీ చెల్లింపవలెను. మామూలు ఉద్యోగికి అయిదేండ్ల యెడతెగని సేవ యుండవలెను. నెల వేతనమును 26చే భాగించి, 15చే హెచ్చించి, పనిచేసిన యేండ్లతో గుణింపవలెను. 26,000 రూపాయల వేతనముతో ఆరేండ్లు పనిచేసినవానికి 90,000 రూపాయలు వచ్చును. ఇది యజమాని దయాదత్తము కాదు. రాజీనామా చేసితివి గనుక గ్రాట్యుటీ లేదని చెప్పు గుమాస్తాల మాట నమ్మి ఊరకున్నవా రెందరో!

ప్రావిడెంటు ఫండు ఉద్యోగి పేరనే యుండును. నిష్క్రమించిన తేదీని యజమాని నమోదు చేయకున్నచో, రెండు నెలలు గడచిన పిమ్మట ఉద్యోగియే దానిని నమోదు చేసికొను వీలు 2020 నుండి కలిగినది.

రావలసిన జీతము రానివాడు మూడేండ్ల లోపల అధికారి యెదుట దరఖాస్తు పెట్టుకొనవచ్చును. చెల్లించితినని రుజువు చేయు భారము యజమానిది. బాకీకి పదిరెట్ల వరకు పరిహారము విధించు నధికారము ఆ యధికారికి కలదు. కాని అట్టి యధికారి విజయవాడలోనో హైదరాబాదులోనో మాత్రమే కూర్చుండినచో, ఆదిలాబాదు బడిపంతులు బస్సు ఛార్జీలకే తన బాకీలో కొంత పోగొట్టుకొనును. రెండు రాష్ట్రముల ప్రభుత్వములును జిల్లా కేంద్రమున కొక్కనికి తక్కువ కాకుండ ఈ యధికారుల నుంచి, దరఖాస్తు ఫారమును తెలుగున అచ్చొత్తించి, ప్రతి కార్మిక కార్యాలయపు గోడకు అంటింపవలెనని మేము కోరుచున్నాము.