బాడుగ ఇంటికి ఒక కాగితం

పోయిన నెల మా మేడమీది పోర్షన్ ఖాళీ అయింది. గేటుకు టు-లెట్ బోర్డు కట్టిన గంటలోపే ఆరు ఫోన్లు వచ్చినాయి. హోసూరులో ఇప్పుడు ఇట్లే ఉంది. టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటాన్ ఫ్యాక్టరీలతో మొదలైన ఊరి పెరుగుదల ఇంకా ఆగలేదు. 2019లో మునిసిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది. ఒడిశా, బీహారు నుంచి, మన రాయలసీమ నుంచి పిల్లలు పనికి వస్తున్నారు. బెంగళూరు 40 కిలోమీటర్లే కాబట్టి అక్కడి బాడుగలు భరించలేనివాళ్లూ ఇక్కడికే వస్తున్నారు. రాగి పండిన చేన్లలో లైను ఇళ్లు లేచినాయి. కట్టినవాళ్లలో మాలాంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అందుకే ఈ మాట మనకు మనమే చెప్పుకోవాలి.

రెండేళ్ల కిందట మా అమ్మాయి బెంగళూరులో ఇల్లు వెదికితే పది నెలల అడ్వాన్సు అడిగినారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల బాడుగ పట్టుకున్నారు. వారం రోజులు ఇంటిల్లిపాదీ ఆ ఓనరును తిట్టుకున్నాం. ఆ తర్వాత కొన్నాళ్లకే మా కింది పోర్షన్ ఖాళీ చేసిన ఒడియా అబ్బాయి దగ్గర మేమూ అదే పని చేసినాం. గోడలేమీ పాడు కాలేదు. అతను లెక్క అడగలేదు. అడగడానికి అతనికి మన భాష రాదు, చూపించడానికి చేతిలో కాగితం లేదు.

తమిళనాడులో ఇళ్ల బాడుగల చట్టం 2017లో వచ్చి, 2019 ఫిబ్రవరిలో అమలైంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు కావాలి. వేరే ఒప్పందం లేకపోతే అడ్వాన్సు మూడు నెలల బాడుగకు మించకూడదు. నమోదు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. అయినా మన వీధుల్లో ఇంకా నోటిమాటే నడుస్తోంది.

“కాగితం రాస్తే ఇల్లు వదలరు” అని మన పెద్దలు భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు, బాడుగ ఎగ్గొట్టి సతాయించేవాళ్లూ ఉన్నారు. కానీ అట్లాంటివాళ్ల మీద ఫిర్యాదు చేయాలన్నా ఓనరుకు ఆ కాగితమే దిక్కు. నోటిమాట ఇద్దరినీ కాపాడదు. బలం ఉన్నవాడినే కాపాడుతుంది, ఆ బలం ఎక్కువసార్లు మనదే.

కరెంటు సంగతీ అంతే. ఇంటి మీటరుకు రెండు నెలలకు మొదటి కొన్ని యూనిట్లు ఉచితం. ఆ ఉచితం మనం ఉంచుకొని, సబ్‌మీటరు చూపించి యూనిట్‌కు ఇంతని వసూలు చేస్తున్నాం. ఇంకొకటి, కులం సూటిగా అడగం. “నీచు తింటారా?” అంటాం. అడిగింది కులమే అని ఇద్దరికీ తెలుసు.

మనమూ ఒకనాడు ఇట్ల నిలబడినవాళ్లమే. తమిళంలో వచ్చిన భూమి కాగితాలు ఎవరైనా చదివి చెప్తే తప్ప మా తాతకు అర్థమయ్యేవి కావు. ఏమి రాసుందో తెలియకుండా వేలిముద్ర వేసిన రోజుల గురించి ఆయన చాలాసార్లు చెప్పినాడు. మన భాష రాష్ట్రంలో మైనారిటీ భాష అని బాధపడే మనం, మన గేటు లోపల ఇంకొకరి భాషను అంతకన్నా చిన్నది చేయకూడదు.

ఈసారి మేడమీదికి వచ్చిన కుటుంబం దగ్గర మూడు నెలల అడ్వాన్సే తీసుకున్నాం. అగ్రిమెంట్‌ను పక్కింటి పిల్లవాడు హిందీలో చదివి వినిపించినాడు. గోడలు, కొళాయిలు ఫొటోలు తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకున్నాం. ఇంత చేయడానికి ఒక్క సాయంత్రం చాలింది. ఒడియా అబ్బాయి నంబరు ఇంకా మా దగ్గరే ఉంది. పట్టుకున్న ఆ ఒక నెల బాడుగ అతనికి పంపించినాం. ఆలస్యంగానే, కానీ పంపించినాం.