పడవతో పోవలసినవి

విశాఖపట్టణము మొదలు నిజాంపట్నము వరకు ఏ రేవున చూచినను, వాడిన పడవ చేతులు మారునప్పుడు బేరమంతయు రెండింటి చుట్టునే తిరుగుచుండును: ఒకటి పడవ ఒళ్ళు, రెండవది ఇంజను. ఫైబరు ఒంటికి ఎన్నిచోట్ల అతుకులు పడినవో వ్రేళ్ళతో తట్టి చూచుకొందురు, ఇంజను పొగ ఏ రంగున వచ్చుచున్నదో, చమురు ఎంత త్రాగుచున్నదో గంటల తరబడి తర్కింతురు, పెద్దమనుషులు మధ్యవర్తులై వెల తేల్చుదురు, బయానా ముట్టును. ఇంత జరిగిన పిమ్మట, పడవను ఇసుకమీదినుండి నీటిలోనికి త్రోయబోవు వేళకు, లంగరు ఎవరిది, మోకు ఎవరిది, గోనెలో చుట్టియున్న రెండవ ఫ్యాను ఎవరిది, పనిముట్ల పెట్టె ఎవరిది అను ప్రశ్న తలయెత్తును. “అయి బేరంలో లేవు గదరా అల్లుడా” అని అమ్మినవాడనును. “పడవంటే అన్నీ కలిపే గదా మావా” అని కొన్నవాడనును. ఇరువురును తాము న్యాయమే పలుకుచున్నామని నమ్ముచుందురు. ఏలయన ఆ మాటను ముందుగా ఎవరును ఎత్తియుండలేదు.

ఈ తగవు చిన్నదని కొట్టివేయుటకు నా మనస్సొప్పదు. లక్షల వెలగల పడవ యెదుట కొన్ని వందలకో వేలకో లభించు ఈ సామగ్రి లెక్కలోనికి రాదని తోచవచ్చును గాని, తీరమున నున్నప్పుడు లెక్కకు రానివే నడిసముద్రమున ప్రాణముతో సమానమగును. ఏ వస్తువు ఆ పడవ కొలతను బట్టి, ఆ ఇంజను శక్తిని బట్టి సమకూర్చబడినదో, ఏ వస్తువు లేనిచో ఆ పడవ తిరిగి ఒడ్డు చేరుట సందేహాస్పదమగునో, అది పడవతోనే పోవలయును. అది వెలలో ఇమిడియే యున్నదని ఉభయులును మొదటనే గ్రహింపవలయును. తక్కినవానిని ఉంచుకొనుటకును, విడిగా అమ్ముకొనుటకును అమ్మకందారునకు నిరాక్షేపమైన హక్కు కలదు.

రెండవ ఫ్యాను సంగతియే చూడుడు. ప్రొపెల్లరునకు మన రేవులలో వాడుకలోనున్న పేరిది. దాని వ్యాసమును, రెక్కల వంపు ఒక్క చుట్టులో ఎంత దూరము ముందునకు త్రోయవలయునను లెక్కయు, ఇంజను అశ్వశక్తిని, పడవ బరువును అనుసరించి నిర్ణయింపబడును. వంపు ఎక్కువైనచో ఇంజను తన వేగము నందుకొనలేక రొప్పుచు వేడెక్కును. తక్కువైనచో వట్టి పరుగు పరుగెత్తి అరిగిపోవును. కావున ఒక పడవ ఫ్యాను పక్క పడవకు అక్కరకు వచ్చుట అరుదు. దానిని తనవద్ద దాచుకొన్న అమ్మకందారునకు అది తుక్కు ఇత్తడి వెలకు మించి పలుకదు. అది లేని కొనుగోలుదారునకో, రాతికి తగిలి ఒక రెక్క విరిగిన దినమున మొత్తము వేట నష్టమగును, అంతకంటె ఘోరము జరిగినను జరుగవచ్చును. ఒకరికి తుక్కు, మరొకరికి ఆధారము అయిన వస్తువు ఎవరి చేతిలో నుండవలయునో నిర్ణయించుటకు గొప్ప ధర్మశాస్త్రము అక్కరలేదు.

ఇంకను సూక్ష్మమైన వస్తువులు కలవు. చిన్న అవుట్‌బోర్డు ఇంజనులలో కొన్నింటికి ఫ్యానును ఇరుసుతో బిగించు మెత్తని లోహపు చీల యొకటి యుండును. నదీముఖమున, మనవారు మొగ యని పిలుచు చోట, ఇసుకమేటకు ఫ్యాను కొట్టుకొన్నప్పుడు ఆ చీల తాను తెగి లోపలి పళ్ళచక్రములను కాపాడును. తెగుటయే దాని ధర్మము. అటువంటి చీలలు నాలుగైదు అగ్గిపెట్టెలో పెట్టి ఇంజను మూతక్రింద దాచుట అనుభవజ్ఞుల అలవాటు. ఆ అగ్గిపెట్టెను తీసికొని పడవను అప్పగించినచో, క్రొత్త యజమాని అవసరమునకు ఒక ఇనుప మేకును దూర్చును. మేకు తెగదు, చక్రముల పళ్ళు విరుగును. అగ్గిపెట్టెలో పట్టు సామగ్రి లేకపోవుటచే ఇంజనుకే చేటు వచ్చుట ఇట్లుండును. స్పార్కు ప్లగ్గులు, చల్లనీటి పంపులోని రబ్బరు చక్రము, డీజిలు వడకట్టు ఫిల్టరు, ఆ ఇంజను మరలకు సరిపోవు పానా, ఇవన్నియు ఈ కోవలోనివే.

లంగరు విషయమున మాత్రము కొందరు పెద్దలు నాతో ఏకీభవింపరు. పశువు నమ్మినవాడు పలుపుతాడును తనవద్ద నుంచుకొను ఆచారము మన పల్లెలలో కొన్నిచోట్ల కలదు; పడవ నమ్మినవాడు మోకును ఉంచుకొనుటయు అట్టిదేనని వారి వాదము. ఆ పోలిక ఇచట పొసగదు. పశువును కొన్నవాడు తన తాడుతో వచ్చును. తాడు తెగినను పశువు నేలమీదనే నిలుచును. ఇంజను ఆగిన పడవకో, గాలివాటున కొట్టుకొనిపోకుండ, కెరటములు విరుగు చోటికి చేరి తలక్రిందులు కాకుండ ఆపునది ఆ మోకు కొననున్న లంగరు ఒక్కటియే. లంగరు నేలను గట్టిగా పట్టవలెనన్న నీటిలోతునకు అయిదారు రెట్ల పొడవు మోకు విడువవలయును; పదిబారల లోతున వేటాడు పడవకు పాతిక బారల మోకు తుంట నిచ్చి “లంగరు కూడ ఇచ్చితిమి” అనుకొనుట ఇచ్చుట కానేరదు.

పెద్ద ఓడల వ్యాపారమున ఈ ప్రశ్న ఎన్నడో పరిష్కృతమైనది. వాడిన నౌకల క్రయవిక్రయములకు ప్రపంచమంతటను ఉపయోగించు ఒప్పందపు నమూనాలలో నార్వే ఓడ దళారుల సంఘమువారు రూపొందించినది ప్రసిద్ధము. 1993 లోను, 2012 లోను సవరింపబడి నేటికిని వ్యవహారమున నున్నది. ఓడకు చెందిన సమస్తమును, ఓడమీద నున్నను ఒడ్డున గిడ్డంగిలో నున్నను, ఓడతో పాటు కొనుగోలుదారునకు చెందునని దాని నియమము. అదనపు ప్రొపెల్లరు, అదనపు ఇరుసు మొదలైన విడిభాగములు వాడినవైనను వాడనివైనను అందులో చేరును. ఇందు నా కత్యంత వివేకవంతముగా తోచు అంశము వేరొకటి: ఓడను పరీక్షించిన నాడు ఏమేమి యున్నవో అవి లెక్కకు వచ్చును, అప్పగించునాటికి మిగిలినవి కావు. అప్పగింతకు ముందు అమ్మకందారు ఒక విడిభాగమును అవసరమునకు వాడుకొన్నచో దానికి మారు క్రొత్తది తెచ్చి పెట్టనక్కరలేదు, గాని ఓడనుండి ఊడదీసిన పాతది కొనుగోలుదారునకు చెందును. నావికుల సొంత వస్తువులు, అద్దెకు తెచ్చిన పరికరములు ఈ నియమమునకు లోబడవు. మిగిలిన ఇంధనమునకు, వాడని యంత్రతైలమునకు వెల వేరుగా చెల్లింపబడును. కోట్ల డాలర్ల నౌకలను కొనువారు ఇంత జాగ్రత్త పడుచుండగా, తన ఇంటి బంగారమును కుదువబెట్టి తొమ్మిది మీటర్ల పడవను కొను మన మత్స్యకారునకు ఆ జాగ్రత్త ఎంత ఎక్కువగా అవసరమో వేరుగ చెప్పవలయునా?

ఈ భావము మనకు పరాయిదియు కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుని గూర్చిన ప్రకరణము కలదు. మహానౌకకు శాసకుడు, చుక్కాని పట్టువాడు, కొడవలిని త్రాళ్ళను చేతబట్టువాడు, నీరు తోడువాడు ఉండవలెనని అందు విధింపబడినది. మనుష్యులు గాని ఉపకరణములు గాని కొరవడిన నౌక, లేదా మరమ్మతు చేయింపని నౌక, ఆపద పాలైనచో ఆ నష్టమును నావధ్యక్షుడే భరింపవలెనని ఆ శాస్త్రకారుడు నిర్ణయించెను. మనుష్యులతో సమానముగా ఉపకరణములను ఒకే మాటలో చేర్చుటయందలి దూరదృష్టి నన్నెప్పుడును ఆశ్చర్యపరచుచుండును.

ఇక పడవతో పోనక్కరలేనివి. వల అందులో మొదటిది. వల చేపను బట్టి యుండును గాని పడవను బట్టి యుండదు. పైగా ఒక్కొక్కప్పుడు పడవ ఒంటికంటె వలల వెలయే అధికము. వానిని విడిగా బేరమాడుటయే న్యాయము. అయితే మరపడవలలో వించికిని, వల నోరు తెరచి పట్టు బోర్డులకును ఈ మాట వర్తింపదు. అవి ఇంజను శక్తికి తగినట్లు ఎన్నుకొనబడినవి గనుక పడవలో భాగములే.

చెడిపోయిన రక్షణసామగ్రిని ఉదారముగా ఇచ్చివేయుట మరియొక అనర్థము. ఏండ్ల తరబడి ఆసనముగాను దిండుగాను నలిగి, లోని నురగ అణగిపోయి, గుడ్డ ఎండకు చివికిన లైఫ్ జాకెట్టును “ఆరు జాకెట్లు” అని లెక్క చెప్పి అప్పగించుటకంటె, దానిని ఒడ్డుననే చించి పారవేయుట పుణ్యము. లేదని తెలిసినవాడు క్రొత్తది కొనును, ఉన్నదని నమ్మినవాడు దానినే తొడుగుకొని మునుగును. గడువు తీరిన సంకేతజ్యోతులును ఇట్టివే. వానిమీద ముద్రింపబడిన తేదీని ఇరువురును కలసి చదువవలయును.

ఉపగ్రహముతో సంధానమైన ట్రాన్స్‌పాండరు సంగతి వేరు. ఇస్రో రూపొందించిన ఈ పరికరమును లక్ష పడవలకు ఉచితముగా అమర్చు పథకము 2024 ఆగష్టులో ప్రారంభమైనది. తుపాను హెచ్చరికను అందుకొనుటకును, ఆపదలో సందేశము పంపుటకును అది సాధనము. అట్టిదానిని ఊడదీసి మరొక పడవకు బిగించినచో, సముద్రమున ఒక పడవ అరచిన అరపు మరొక పడవ పేరున వినబడును. రక్షింప బయలుదేరినవారు ఎవరిని వెదకవలయును? అది పడవతోనే పోవలయును, యజమాని మారిన సంగతి అధికారులకు తెలుపబడవలయును.

జీపీఎస్ యంత్రమున ఇంకొక చిక్కు కలదు. యంత్రమును ఇచ్చుట సులభము. దాని జ్ఞాపకమున దాగిన గుర్తులో? ఏ రాతి నేలవద్ద ఏ ఋతువున ఏ చేప దొరకునో, ఎన్నియో వేటలలో ఒక్కొక్కటిగా గుర్తించి నిలుపుకొన్న స్థానములవి. హైదరాబాదునుండి ఇన్‌కాయిస్ సంస్థ ప్రకటించు చేపల జాడ అందరికిని సమానముగా అందును గాని, ఈ గుర్తులు ఆ మత్స్యకారుని స్వార్జితము. వానిని తుడిచివేసి యంత్రమును ఇచ్చుట నా దృష్టిలో తప్పు కాదు. కాని మునిగిన ఓడల శకలములున్న చోటు, వలలు చించు రాళ్ళున్న చోటు, మొగలో లోతైన దారి, ఈ గుర్తులను మాత్రము చెరపరాదు. చేపల జాడ సంపాదన. అపాయపు జాడ అట్లు సొంతము చేసికొనదగినది కాదు.

అప్పుల బాధచే పడవ నమ్ముకొను నిరుపేద ఆ లంగరు నైనను మిగుల్చుకొనరాదా యని కొందరడుగుదురు. మిగుల్చుకొనవచ్చును, రేపు తమ్ముని పడవకో, తాను కొనబోవు పాత తెప్పకో అది వానికి కావలసియుండవచ్చును. అయితే ఆ మాట వెల తేలకముందే పదిమందిలో పలుకవలయును, వెల ఆమేరకు తగ్గవలయును, క్రొత్త లంగరు లేక పడవ రేవు దాటరాదు. మౌనముగా నుండి తుదిక్షణమున మోకు కోసికొనుటయే నేను ఖండించునది.

దీనికి మత్స్యశాఖవారు పూనుకొన్నచో పరిష్కారము సులభము. పడవ రిజిస్ట్రేషను ఒకరి పేరునుండి మరొకరి పేరునకు మారునప్పుడు ఇంజను సంఖ్యను, పడవ సంఖ్యను వ్రాయించు దరఖాస్తుతో ఒక్క పుట అదనముగా జతపరచి, లంగరు, మోకు పొడవు, ఫ్యానులు, ఇంజను విడిభాగములు, జాకెట్ల సంఖ్యయు స్థితియు, జ్యోతుల గడువు, ట్రాన్స్‌పాండరు అను పంక్తులు అందు ముద్రించి, పరీక్ష జరిగిన నాడే ఉభయులచేతను, ఒక సరంగుచేతను వ్రాలు చేయింపవలయును. చదువురానివారికి రేవులోని మత్స్యకార సంఘమువారు చదివి వినిపింపవచ్చును. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు వేట నిషిద్ధము. పడవలన్నియు ఒడ్డుననుండి మరమ్మతులు జరుపుకొను కాలమది, బేరములకును అనువైనది. రాబోవు నిషేధకాలమున ఒక్క జిల్లాలోనైనను ఈ పుటను అమలులోనికి తెచ్చి చూడవలెనని కోరుచున్నాను. అందు ఏ పంక్తి యుండవలెనో, ఏది అనవసరమో చెప్పుటకు మన రేవులలోని సరంగులను మించిన నిపుణులు కార్యాలయములలో దొరకరు, వారినే ముందుగా పిలిచి అడుగవలయును.