కొలత తప్పిన షాకులు



పిల్లలకు గణవిభజన నేర్పి విశ్రాంతి తీసుకొన్న తెలుగు పండితుడికి జీపు షాకులతో పనియేమిటని మీకు నవ్వు రావచ్చును. నాకును మొన్నటివరకు పనిలేదు.

మా తమ్ముడు నర్సీపట్నం దగ్గర తోట చేస్తాడు. వాడివద్ద ఒక పాత మహీంద్రా ఎమ్మెమ్ 540 జీపు ఉన్నది. ఎవరో ఎప్పుడో ఎత్తు పెంచిన బండి. ఎంత పెంచారో అమ్మినవాడికే తెలియదు. వెనుక షాకులనుండి నూనె కారుతూంటే, దుకాణంలో బండి పేరు చెప్పి, "ఎత్తు బండి గదా, పొడుగువి ఇవ్వండి" అని తెచ్చి బిగించాడు. ఆ మరునాడే నా మనవలిద్దరినీ వెనుక కూర్చోబెట్టుకొని లంబసింగి ఘాటు ఎక్కి దిగివచ్చాము. తరువాత షెడ్డులో బండిని జాకీమీద ఎత్తి చూస్తే, వేలాడుతున్న ఇరుసుకూ ఛాసీకీ నడుమ బ్రేకు రబ్బరు గొట్టం తీగవలె బిగిసి ఉన్నది. దాని మొదట్లో పగులు. పాత షాకు పొట్టిది గనుక ఇరుసును అంత కిందికి దిగనిచ్చేది కాదు. కొత్తది దిగనిచ్చింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అప్పటినుండి నా అభిప్రాయం ఒక్కటే. పాతబండికి షాకులను పేరు చెప్పి కొనరాదు, కొలిచి కొనవలెను. పేరు చెప్పేది ఆ బండి కర్మాగారంనుండి వచ్చిననాటి సంగతి. నేటి ఎత్తును చెప్పగలిగేది టేపు ఒక్కటే.

ముందుగా ఒక భ్రమ తొలగాలి. బండి బరువును మోసేది కమాను కట్ట, షాకు కాదు. కమాను ఊగుతుంది. ఆ ఊపును షాకులోని నూనె సన్నని రంధ్రాలగుండా పోతూ వేడిగా మార్చి అణచివేస్తుంది. కనుక గట్టి షాకు వేసినంత మాత్రాన కుంగిన వెనుకభాగం లేవదు. పైగా ఖాళీబండి గుంతగుంతకూ ఎగిరి, వెనుక కూర్చున్నవారి నడుములు విరుగుతాయి.

ఇక కొలతలు మూడు. మొదటిది, బండి చదునునేలమీద మామూలు బరువుతో నిలిచినపుడు పై బోల్టు నడిమినుండి కింది బోల్టు నడిమికి గల దూరం. రెండవది, ఇరుసుకూ దానిని ఆపే రబ్బరు దిమ్మకూ నడుమ ఉన్న ఖాళీ. మూడవది, షాకులు విప్పి, ఛాసీని స్టాండ్లమీద భద్రంగా నిలిపి, ఇరుసును వేలాడనిచ్చినపుడు ఆ బోల్టుల దూరం. ఉదాహరణకు మొదటిది 16 అంగుళాలు, ఖాళీ మూడున్నర, మూడవది 19 అనుకొందాం. దిమ్మ నలిగేందుకు మరో అర అంగుళం వదిలితే, పూర్తిగా ముడుచుకొన్న షాకు 12 అంగుళాలకు మించరాదు. పూర్తిగా సాగినపుడు 19కి కాస్త ఎక్కువ ఉండాలి. ముడిచినపుడు పొడుగైతే దిమ్మకంటె ముందే షాకు దెబ్బతింటుంది. సాగినపుడు పొట్టిదైతే ఇరుసు బరువంతా దానిమీద వేలాడి బిగింపులు ఊడివస్తాయి. రెండూ కుదరకపోతే దిమ్మను కిందికి దించుకోవాలేగాని కొలతతో రాజీపడరాదు. ఇరుసు వేలాడినపుడు బ్రేకు గొట్టం వదులుగా ఉన్నదో లేదో చూడనిదే పని ముగిసినట్లు కాదు.

"నలభైయేళ్ల అనుభవం, కంటితో చూస్తే చాలు" అంటారు మేస్త్రీలు. వారి చేతిపనిపై నాకు గౌరవమే. కాని నేనుకూడ పద్యాన్ని చెవితోనే పట్టగలను. అయినా సందేహం వస్తే గురులఘువులు గుర్తించి చూసుకొంటాను. కొలవడం అనుభవానికి అవమానం కాదు.

అసలు ఎత్తు పెంచడమే ఎందుకన్నది నా రెండవమాట. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే తీర్పు చెప్పింది. కమానులను మొదటి స్థితికి తెచ్చి, దానికి తగిన షాకులు జతగా వేయించుకోవడమే ఉత్తమం. మా తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. కొత్త బ్రేకు గొట్టం వేయించాడు, కొలిచి షాకులు మార్చాడు, అంతవరకు సంతోషం.

పద్యంలో ఒక మాత్ర పెరిగితే గణం చెడుతుంది, పండితుడు ముఖం చిట్లిస్తాడు, అంతే. ఘాటురోడ్డుమీద రెండంగుళాలు పెరిగితే దిద్దుకొనే అవకాశం రాకపోవచ్చును. పాత జీపులున్న మిత్రులు ఈ ఆదివారం ఒకసారి టేపు పట్టుకొని బండి కిందికి దూరవలసిందిగా మనవి.

స్వస్తి.