పార్కు గడ్డిలో పడిన ఉంగరం

విశాఖ మహానగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

పిల్లలు దొర్లే గడ్డిలో దిద్దులు, ఉంగరాలు, చిల్లర రాలుతూనే ఉంటాయి. మెటల్ డిటెక్టర్‌తో వెతికే మాలాంటివాళ్లను చూస్తే కాపలాదారుకు అనుమానం. ఆయన తప్పేం లేదు, చూపించడానికి మా దగ్గర కాగితం ముక్కయినా లేదు.

1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాసివ్వాలి. ఇవాళ 10 రూపాయలకు మంచి టీ కూడా కష్టమే! అయినా పాతకాలపు నాణెం దొరికితే తప్పక అప్పగిస్తాం. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాల దరిదాపులకు డిటెక్టర్ తీసుకెళ్లం.

వారానికో ఉదయం, బెత్తెడు లోతు తవ్వి పూడ్చే షరతుతో అనుమతి చీటీ ఇప్పించండి. దొరికిన నగలను పార్కు ఆఫీసులో జమచేస్తాం; పోగొట్టుకున్నవారికి తెలిసేలా గేటు దగ్గర బోర్డు పెట్టించండి.

ఇట్లు,
ఒక నగరవాసి