ఎంగిలి గుడాలు తిన్న రుషి, గుడ్డు వద్దన్న మఠం

బడి పిలగాండ్ల పల్లెంల గుడ్డు కనవడంగనే కొందరికి శాస్త్రం యాదికొస్తది. మంచిదే, శాస్త్రమే మాట్లాడుకుందాం.

ఛాందోగ్య ఉపనిషత్తు మొదటి అధ్యాయంల ఉషస్తి చాక్రాయణుడని ఒకాయన కత ఉంటది. కురుదేశంల రాళ్లవాన వడి పంటంత పోయింది. పెండ్లాన్ని తీస్కొని ఏనుగులోల్ల ఊర్ల తలదాసుకున్నడు. ఆకలికి ఆగలేక, గుడాలు తింటున్న మావటి దగ్గర చెయ్యి జాపిండు. ఇవి దప్ప ఇంకేం లెవ్వు, ఇవి ఎంగిలయినయి అన్నడు మావటి. అవే పెట్టుమన్నడు ఉషస్తి. తిన్నంక మావటి నీళ్లియ్యబోతే మాత్రం, ఎంగిలి నీళ్లు తాగనన్నడు. మావటి ఊకుంటడా? మరి గుడాలు ఎంగిలి గాదా అని అడిగిండు. అవి తినకుంటె పానం పోతుండె, నీళ్లయితే యాడనన్న దొరుకుతయి అని ఉషస్తి జవాబు. మిగిలినయి పెండ్లానికి తెచ్చిండు. ఆమెకు అప్పటికే భిక్షం దొరికింది, అందుకని దాచిపెట్టింది. తెల్లారి ఆ సద్ది ఎంగిలే తిని రాజు యాగానికి పోయి, అక్కడి రుత్విజులకు నోట మాట రాకుంట జేసిండు.

పైకి చూస్తె తిరకాసే. ఒకే మనిషికి గుడాల కాడ ఒక రూలు, నీళ్ల కాడ ఒక రూలు. కని ఆయన లెక్క సాఫ్‌గ ఉంది: వేరే దారి ఉన్నకాడ నియమం, లేనికాడ పానం. పానం మీదికొస్తె ఏ తిండయినా తినొచ్చని బ్రహ్మసూత్రాలు సుత ఒప్పుకున్నయి. మనుస్మృతి పదో అధ్యాయం, కుక్కమాంసానికి సిద్ధపడ్డ వామదేవుడు, విశ్వామిత్రులకు పాపం అంటలేదని చెప్తది. కులం పేరు మీద మనిషిని మనిషి ముట్టొద్దన్న పుస్తకమే అది! రుషి ఆకలికి మాత్రం సందు దొరికింది. ఇంకోటి గమనించుండ్రి, తిన్నోళ్ల పేర్లు మిగిలినయి, గుడాలు పెట్టిన మావటి పేరు లేదు.

ఇగ మన కాలానికొద్దాం. 2021 డిసెంబర్‌ల కర్ణాటక సర్కారు బీదర్, రాయచూరు, కలబురగి అసొంటి ఏడు జిల్లాల బడులల్ల గుడ్లు ఇయ్యవట్టింది. మన జహీరాబాద్, నారాయణపేటలకు పక్కపొంటి ఊర్లే అవి. తిననోళ్లకు అరటిపండు పెట్టిండ్రు. అయినా కొందరు మఠాధిపతులు గుడ్డే వద్దని లొల్లి జేసిండ్రు. గుడ్డు ఇయ్యకుంటె మీ మఠానికొచ్చే తింటమని గంగావతిల ఒక బడిపిల్ల మైకుల అన్నది. అంతకుముందు 2015ల మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ అంగన్‌వాడీలల్ల గుడ్డు వద్దన్నడు.

వాళ్ల మాటల ఒక పాయింటుంది, దాటవెయ్యద్దు. ఉషస్తిది సావు బతుకుల కత, బడిపిల్ల గుడ్డు లేకుంటె ఇయ్యాల సావదు గదా అంటరు. నిజమే, ఇయ్యాల సావదు. ఎత్తు పెరగదు, రక్తం పట్టదు. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంల ఐదేండ్ల లోపు పిల్లలల్ల నూటికి 35 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. గుడ్డుల 6 గ్రాముల ప్రోటీన్ ఉంటె అరటిపండుల ఒక్క గ్రామే. పాలు, పప్పు ఇంట్ల దండిగున్నోళ్లకు గుడ్డు ఉషస్తికి నీళ్ల లెక్క, వద్దంటె నడుస్తది. ఏం లేని ఇంటి పిల్లకు అది గుడాల లెక్క.

ఇంకో మాట, నీళ్లు వద్దన్నది ఉషస్తే, తన కోసం. మావటి చేతుల గుడాలు గుంజుకోలేదు. మఠపోళ్లు తాము తినకపోతే ఎవలు అడ్డం జెప్తరు? పక్కోని పల్లెంల చెయ్యివెట్టుడే నాకు ఆ పుస్తకంల దొరకలే.

మన దిక్కు ఈ లొల్లి అంతగ లేదు, బడిల వారానికి మూడు గుడ్లున్నయి. ఇక్కడ అడ్డం శాస్త్రం గాదు, బిల్లు. బజార్ల గుడ్డు ధర పెరిగినప్పుడల్ల సర్కారిచ్చే రేటు సాలక, వండిపెట్టే అక్కలు అప్పుజేసి తెస్తరు. గా బిల్లు టైముకిచ్చుడు ఏ మఠం ఆపలేదు.